నాలుగింటికి మూసిన తలుపు

ఉదయగిరి, 1954

జూన్ 24, గురువారం

ఈ నోటుపుస్తకం దొరసానమ్మ ఇచ్చింది, ఏ పల్లెకు పోయాను, ఎందరు ఆడవాళ్లు కూర్చున్నారు, ఏ కథ చెప్పాను అని రాయడానికి. బైబిలు స్త్రీగా పందొమ్మిదేళ్ల నుంచి అదే రాస్తున్నాను. అది ముందు పేజీల్లో ఉంటుంది. వెనక నుంచి తిప్పి రాసే ఈ పేజీలు ఎవరికీ చూపించేవి కావు.

ఈరోజు ఒకటి చూశాను. వరికుంటపాడు బస్సు దిగి, బొమ్మల పటాల చుట్ట చంకలో పెట్టుకొని, కోట కింది వీధిలో వస్తున్నాను. నాలుగు గంటలు. మన మిషను బడి పంతులమ్మ హన్నమ్మ, చెక్క గరిటెలు, చెంచాలు చేసే వెంగయ్య ఇంట్లోకి పోయింది. కొంగు కింద ఏదో దాచి పట్టుకొంది. వెంగయ్య వీధి ఈ కొస నుంచి ఆ కొసకు చూసి తలుపు మూశాడు.

వెంగయ్య భార్య మాలకొండమ్మ రెండు నెలలుగా ఇంట్లో లేదు. జలదంకిలో పుట్టింటికి పోయిందని అతనే అందరికీ చెప్పాడు.

హన్నమ్మకు ముప్ఫై నిండలేదు. మొగుడు పోయి మూడేళ్లు. నాకెందుకులే.

జూన్ 25

ఈరోజూ పోయింది. నాలుగింటికే. ఎదురింటి అరుగు మీద చెప్పు తెగినట్టు కూర్చొని చూశాను. పావుగంటకు బయటికి వచ్చింది. జుట్టు సరిచేసుకొంది. లేదా చెమట తుడుచుకొంది. జుట్టే అనుకొంటాను.

జూన్ 28, సోమవారం

కథ చెప్పేటప్పుడు నాకు అన్నీ కళ్లకు కడతాయి. గలిలయ సముద్రం నేను చూడలేదు, అయినా పడవలో చేపల వాసన వస్తుంది నాకు. ఇది ప్రభువిచ్చిన వరమని పాస్టరుగారు అందరి ముందూ అన్నారు. ఆ వరమే ఇప్పుడు నన్ను పీక్కు తింటోంది. అన్నం కలుపుతుంటే ఆ తలుపు. పటం విప్పుతుంటే ఆ తలుపు. దాని వెనక నేనేమీ చూడలేదు. అయినా లోపల మంచం ఎటు వేసి ఉందో కూడా చెప్పగలను!

ఈరోజు పల్లెలో బావి దగ్గరి సమరయ స్త్రీ కథ చెప్పాను. ఆమెకు అయిదుగురు మొగుళ్లని చెబుతూ చెబుతూ ఆమెకు హన్నమ్మ ముఖం పెట్టేశాను. ఆడవాళ్లు నోళ్లు తెరుచుకొని విన్నారు. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

పోయిన క్రిస్మసుకు పిల్లలకు కథ చెప్పే పని నన్ను తప్పించి హన్నమ్మకు ఇచ్చారు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

జూలై 1, గురువారం

ఎస్తేరమ్మ ఇంట్లో స్త్రీల సమాజం. పద్నాలుగు మందిమి. హన్నమ్మ రాలేదు. వేళ నాలుగయింది కదా, ఎట్లా వస్తుంది?

ముగింపు ప్రార్థన నన్ను చేయమన్నారు. అనావృష్టి గురించి చేశాను, రోగుల గురించి చేశాను. తర్వాత నోరు దానంతట అదే పోయింది. “ప్రభువా, మా సహోదరి హన్నమ్మ వయసులో ఉండాది, ఒంటరిది. శోధన ఆమె వాకిట్లో నిలబడి ఉండాది. నాలుగింటికి మూసుకొనే తలుపుల నుంచి ఆమెను తప్పించు తండ్రీ.”

ఆమేన్ అన్నారు అందరూ. ఎస్తేరమ్మ ఆమేన్ కొంచెం ఆలస్యంగా వచ్చింది. కళ్లు తెరిచి చూస్తే ఆమె నన్నే చూస్తోంది.

ఎవరూ ఏమీ అడగలేదు. మామూలుగా ఒకరి మీద మాటంటే “నువ్వు చూసినావా?” అని అడిగేవాళ్లు నలుగురుంటారు. ప్రార్థనలో అన్నదాన్ని ఎవరడుగుతారు? చెప్పింది దేవుడికి కదా.

జూలై 2

నేను ఒక్క అబద్ధం చెప్పలేదు. ప్రార్థన చేశాను, అంతే.

జూలై 9, శుక్రవారం

నీళ్ల దగ్గర ఎస్తేరమ్మ చెవిలో చెప్పింది. “వెంగయ్య పెండ్లాన్ని దీనికోసరమే పుట్టింటికి తరిమినాడంట గదా?”

“ఎవరన్నారు?” అన్నాను.

“ఎవరేంది? నీకే తెలియాల. ప్రార్థన చేసింది నువ్వు గదా!”

నాకు తెలియదని చెప్పాల్సింది. బిందె ఎత్తుకొని ఊరుకొన్నాను. ఊరుకోవడం అబద్ధం కాదు.

జూలై 14, బుధవారం

గుడి పక్క గదిలో పాస్టరుగారు, ఇద్దరు పెద్దలు కూర్చొని హన్నమ్మను పిలిపించారు. నన్నూ పిలిచారు. “నీకేమన్నా తెలుసునా రాహేలమ్మా?” అన్నారు. “నేను ప్రార్థన మాత్రమే చేసినానయ్యా” అని తల వంచుకొన్నాను. ఆ తల వంచడం వాళ్లకు చాలింది. చాలుతుందని నాకు తెలుసు.

హన్నమ్మను అడిగారు. “ఆ ఇంటికి ఎందుకు పోతాండావు?”

“పని ఉండి పోతాండానయ్యా.”

“ఏం పని?”

“చెప్పేది కాదు.”

“పోనీ, ఇంక పోనని మాటియ్యి. ఇంతటితో వదిలేస్తాం.”

“ఇయ్యలేను. పోవాల.”

అంత మొండితనమా! తప్పు లేనిదైతే ఏడ్చేది కాదూ? అని అనుకొన్నాను. ఆమె ఏడవలేదు. బయటికి పోతూ నా దగ్గర ఆగింది. “నువ్వు నన్ను అడిగి ఉండొచ్చు గదా రాహేలక్కా” అంది. కోపంగా కూడా అనలేదు.

జూలై 26, సోమవారం

హన్నమ్మను ఆత్మకూరు బడికి మార్చారు. ఉద్యోగం తీసేయలేదు కదా. ఆత్మకూరు మాత్రం ఊరు కాదా? బస్సులు ఉన్నాయి, మన సంఘం ఉంది.

ఆమె మొగుడి సమాధి ఇక్కడే ఉంది. పొద్దున ముందు అక్కడికి పోయి, తర్వాత బస్సు దగ్గరికి వచ్చింది. ఒక రేకు పెట్టె, ఒక పరుపు చుట్ట. బడిపిల్లలు బస్సు వెంట మిషను బంగళా దాకా పరిగెత్తారు.

నేను పనుండి అటు పోయాను కాబట్టి చూశాను.

ఆగస్టు 1, ఆదివారం

ప్రభువు బల్ల. గుడిలో పంచిన రొట్టె గొంతులో నిలబడింది. నీళ్లు తాగాక దిగింది.

ఆగస్టు 10

నాలుగు అయితే చాలు, ఎక్కడున్నా కాళ్లు కోట కింది వీధికి లాగుతున్నాయి. ఇప్పుడు ఆ తలుపు తెరిచే ఉంటోంది. వెంగయ్య పంచలో కూర్చొని గరిటె నున్నగా తోముతూ ఉంటాడు. మనిషి సగమయ్యాడు. ఆమె పోయిన బెంగ కాబోలు అనుకొన్నాను. చూశావా నా బుద్ధి!

ఇరవై రెండేళ్ల కింద మా ఆయన గూడూరు అభ్రకం గనుల్లో పనికి పోయి, అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. ఊరందరికీ తెలిసిన ఆరు నెలలకు నాకు తెలిసింది. నీళ్ల దగ్గర నన్ను చూసి అందరూ మాట మార్చేవాళ్లు. ఇక మీదట ఏదైనా ముందు నాకే తెలియాలని ఆ రోజే అనుకొన్నాను. ఇన్నేళ్లకు నాకే ముందు తెలిసింది.

మా అవ్వ గుర్తుకు వస్తోంది. మా ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకొన్నది ఆమే. చదువు రాదు. పొద్దుగూకి దీపం పెట్టాక నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని రెండే అడిగేది. “ఈ పొద్దు ఏం చూసినావు? ఏం అనుకొన్నావు?” రెండూ కలిపి చెబితే తొడ మీద గిల్లేది. “చూసింది చూసినట్టు చెప్పు. అనుకొన్నది వేరేగా చెప్పు. రెండూ కలిపి దేవుడి ముందర పెట్టబాక” అనేది. ఆమె పోయాక నన్ను ఎవరూ గిల్లలేదు.

ఆగస్టు 19, గురువారం

ఈరోజుది రాయాలి.

మధ్యాహ్నం వెంగయ్య మా వాకిట్లోకి వచ్చాడు. చేతిలో నలిగిన కవరు. “రాహేలక్కా, ఇది చదివి పెట్టు. వచ్చి పద్దెనిమిది దినాలయింది. ఉత్తరం వస్తే నీ చేతనే చదివించుకోమని పోతా పోతా పంతులమ్మ చెప్పింది, నాకే భయమై ఇన్నాళ్లు తేలేదు” అన్నాడు.

హన్నమ్మ చేతిరాత. నా నోరు ఆగుతుందా! “సిగ్గు లేకుండా నా దగ్గరికే తెచ్చినావా?” అన్నాను.

అతను దిక్కులు చూశాడు. “నువ్వేమన్నా అనుకోక్కా. చదువు.”

చదివాను. ప్రేమ ఉత్తరమనుకొని చదివాను. ఇదీ అందులో ఉన్నది: “సూది ఆపొద్దు. ఆపితే మందు పనిచేయకుండా పోతుంది. మాలకొండమ్మను బస్సులో ఇక్కడికి తీసుకొని రా. కదల్లేకపోతే, ఇది చదివే రాహేలక్కను నా దగ్గరికి పంపు. నేర్పుతాను.”

“మాలకొండమ్మ ఊళ్లో లేదు గదా?” అన్నాను.

“రా అక్కా. చూద్దువు గాని.”

అతని వెంట పోయాను. వీధి అటూ ఇటూ చూసి అతను తలుపు మూశాడు. ఆ తలుపే. ఈసారి లోపల ఉన్నది నేను. వంటిల్లు దాటి పెరటి వైపు చిన్న గది. మంచం నేను అనుకొన్న దిక్కున లేదు. మంచం మీద మాలకొండమ్మ ఉంది, ఎముకల పోగు. దగ్గొస్తే బయటికి వినపడకుండా దుప్పటి నోట్లో కుక్కుకొంటోంది.

క్షయ. ఏప్రిల్‌లో నెల్లూరు డాక్టరు చెప్పాడట. పెద్దాస్పత్రిలో మంచం దొరికేదాకా ఇంట్లోనే సూదులు వేయించమన్నాడు. హన్నమ్మ పెళ్లికి ముందు ఏడాది నర్సు పని నేర్చుకొంది. ఆమె తమ్ముడు నెల్లూరులో కాంపౌండరు, మందు బస్సులో పంపేవాడు. కొంగు కింద దాచింది సూది డబ్బా.

“ఎందుకు దాచినావు వెంగయ్యా?” అన్నాను.

“నోట్లో పెట్టుకొనే వస్తువక్కా నేను చేసేది. ఇంట్లో క్షయ ఉండాదని తెలిస్తే నా గరిటె ఎవరు ముట్టుకొంటారు? ఆమె ఈ గది దాటి రాదు. చెక్కేది, తోమేది అంతా నేను ముందర పంచలోనే. ఎవరికీ చెప్పబాకమ్మా అని పంతులమ్మ కాళ్లు పట్టుకొన్నా. మాటిచ్చింది.” తల గోడకు ఆనించాడు. “ఊళ్లో ఏమనుకొంటాండారో నాకు తెలియదా? ఆ రంకు మాటే మేలనుకొన్నా, రోగం మాట కన్నా. నాది సరే. ఆ తల్లి కూడా ‘అనుకోనీలే’ అన్నది.”

మాలకొండమ్మ దుప్పటి తీసి నన్ను చూసింది. “పంతులమ్మ యాడికి పోయిందక్కా? ఎందుకు పోయింది?” అంది.

ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇరవై నాలుగు రోజులు సూది లేదు.

ఆగస్టు 20

అడిగి ఉంటే చెప్పేదేమో. చెప్పకపోయినా “నువ్వు అనుకొనేది కాదక్కా” అనైనా అనేది. అడగలేదు. అనుకొన్నాను.

ఆగస్టు 22, ఆదివారం

నిన్న ఆత్మకూరు పోయాను. ఇరవై ఏళ్లలో ఆదివారం గుడికి పోకపోవడం ఇదే మొదలు, మధ్యాహ్నానికి తిరిగి వచ్చాను.

హన్నమ్మ బడి వెనక ఒక గదిలో ఉంది. నన్ను చూసి లేవలేదు. బస్సులో మూడు గంటలు ఏం చెప్పాలో అంతా కట్టుకొని పోయాను. కాళ్ల మీద పడతాను, ఏడుస్తాను, ఆమె లేవనెత్తుతుంది, ఇద్దరం ప్రార్థన చేస్తాం. ఎంత బాగా కట్టానో! అదంతా కూడా నేను అనుకొన్నదే.

“హన్నమ్మా, నన్ను...” అన్నాను.

“క్షమించమని మాత్రం అడగొద్దక్కా. ఇప్పుడు నా వల్ల కాదు. అడిగితే చేసినానని అబద్ధం చెప్పాల్సి వస్తాది” అంది. “ఆమెకు జ్వరం ఎంత ఉండాది?”

“మరి నా దగ్గరికే ఎందుకు పంపినావు?”

“ఇంకెవరుండారు? చదువొచ్చి, నాలుగూళ్లు తిరిగి, ఎవరింటికి పోయినా ఎవరూ ఏందని అడగని ఆడది నువ్వొక్కదానివే. వేరే దిక్కు లేక పంపినా. మంచిదానివని కాదు.” ఒక వంకాయ తెచ్చి నా ముందు పెట్టింది. “సూది ఎత్తుకో.”

నీళ్లు ఎంతసేపు కాగాలో చెప్పింది. పొడిలో మందునీళ్లు ఎట్లా కలపాలో, గాలి ఎట్లా తీయాలో చూపింది. నాలుగు వంకాయలు పాడు చేశాను. తర్వాత చీర జరిపి తన తుంటి చూపించింది. “నీళ్లు మాత్రమే. గుచ్చు. వంకాయకు నొప్పి తెలియదు, నీ చెయ్యి ఎట్టుండాదో మనిషి చెప్పాల.”

గుచ్చాను. “మెల్లిగా పోబాక. భయపడతా గుచ్చితేనే నొప్పి” అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి ఆమెకు. సూదికో, దేనికో. చూసింది నీళ్లు. దేనికన్నది నాకు తెలియదు.

రాత్రి అక్కడే పడుకోమంది. పొద్దున మందు సీసాలు మూటగట్టి ఇచ్చింది. బస్సెక్కేటప్పుడు నేనే అన్నాను, “వచ్చే బల్లకు ముందు సంఘంలో అందరికీ చెప్పేస్తాను, ఆమె జబ్బుకే నువ్వు పోయినావని.”

చెయ్యి పట్టి ఆపింది. “చెప్పినావంటే వాళ్ల కూడు తీసినట్టే. నువ్వు చేసిన పాపం ఏదో అది చెప్పుకో. వాళ్లది నీది కాదు చెప్పేదానికి.”

ఈరోజు నాలుగింటికి సూది వేశాను. “పంతులమ్మది చీమ కుట్టినట్టుండేదక్కా. నీది తేలే” అంది మాలకొండమ్మ. నవ్వబోయి దగ్గింది.

సెప్టెంబరు 3

పది రోజుల నుంచి ఒకటే తిప్పుకొంటున్నాను. నిజం మొత్తం చెబితే హన్నమ్మ పరువు వెనక్కి వస్తుంది, నాకూ కాస్త నీడ దొరుకుతుంది. “పాపం, తెలియక అనుకొంది” అంటారు. కానీ వెంగయ్య ఇల్లు కూలుతుంది. సగం చెబితే నేనొక్కదాన్నే కూలుతాను. మూడో దారి ఏదన్నా కల్పించలేనా అని చూశాను. కల్పించడంలో నన్ను మించిన వాళ్లున్నారా! దొరకలేదు.

సెప్టెంబరు 4, శనివారం

బల్లకు ముందు రోజు ఒప్పుకోలు కూటం. ఎవరి మీదనన్నా మనసులో ఏదన్నా ఉంటే చెప్పి సమాధానపడే రోజు. ప్రతి నెలా ఎవరో ఒకరు కోడి గురించో గట్టు గురించో లేస్తారు. ఈసారి నేను లేచాను.

“హన్నమ్మ మీద నేను చేసింది ప్రార్థన కాదు. చాడీ. నేను చూసింది ఒక తలుపు మూసుకోవడం. మిగతాదంతా నా తలలో కట్టినాను. కట్టి, దాన్ని దేవుడి పేరు మీద మీ చెవుల్లో పోసినాను. ఆమె తప్పు చేయలేదు” అన్నాను.

ఎస్తేరమ్మే అడిగింది. “మరి ఆ ఇంటికి ఎందుకు పోయిందంట?”

తెలియదు అంటే అబద్ధం. “తెలుసు. చెప్పను” అన్నాను.

గుసగుసలు లేచాయి. ఇద్దరూ ఇప్పుడు కలిసిపోయారని ఒకరు, ఆత్మకూరు పోయి వచ్చింది కదా అని ఒకరు. నా ఒప్పుకోలుతో హన్నమ్మ మీది మచ్చ పోతుందని అనుకొన్నాను. పోలేదు. అన్న మాట చల్లినంత సులువుగా తిరిగి ఏరుకోలేమని నా నోటితో ఎన్ని పల్లెల్లో చెప్పానో.

పాస్టరుగారు నన్ను మూడు నెలలు బల్ల నుంచి నిలిపారు. బైబిలు స్త్రీ పని కూడా. దొరసానమ్మకు రాస్తానన్నారు. పటాల చుట్ట తెచ్చి ఆయన రాతబల్ల మీద పెట్టాను. చుట్టకు కట్టే తాడు మా అవ్వ పేనింది. అది విప్పుకొని తెచ్చుకొన్నాను.

సెప్టెంబరు 5

రొట్టె పళ్లెం నా ముందు నుంచి పోయింది. ఆకలి వేసింది.

సెప్టెంబరు 20

జ్వరం కొంచెం తగ్గినట్టుంది. తగ్గిందని రాయబోయి ఆగాను. చేత్తో పట్టి చూస్తే నిన్నటి కన్నా తక్కువ. అంత వరకే నాకు తెలుసు.

మాలకొండమ్మ కథ చెప్పమంది. పటాలు లేవన్నాను. “పటాలు ఎందుకక్కా? ముందు వీధిలో ఏం జరుగుతాందో చెప్పు. అయిదు నెలలైంది వీధి చూసి” అంది. చెప్పాను. కోట మీద మబ్బు ఉంది, వాన లేదు. సోడా బండి చక్రం ఊడింది. ఎదురింటి వాళ్ల మేక మీ అరుగు మీద పడుకొని ఉంది. ఆమె కళ్లు మూసుకొని విన్నది. “ఉన్నది ఉన్నట్టు చెప్తాండావు గదా? సరదాకి కలపబాక” అంది. లేదమ్మా, చూసినవే అన్నాను.

తర్వాత బావి దగ్గరి స్త్రీ కథ చెప్పాను. నడినెత్తిన ఎండ, ఖాళీ కుండ. నలుగురి నోళ్లకు జడిసి ఆ వేళ ఒంటరిగా నీళ్లకు వచ్చే మనిషి. ఈసారి ఆమెకు హన్నమ్మ ముఖం పెట్టలేదు. బావి గట్టు మీద కూర్చొన్న ప్రభువు ఆమెను చూసి ముందు నీళ్లు అడిగాడు. ఏమీ అనుకోకుండా అడిగాడు. ఇన్నేళ్లూ ఆ కథ చెబుతూ నేను ఆ ముక్క దాటేసి మొగుళ్ల దగ్గరికి పరిగెత్తేదాన్ని.

ఏడుపు వచ్చింది నాకు. సూది సరిగ్గా పట్టుకోవాలి కాబట్టి తుడుచుకొన్నాను.

అక్టోబరు 7

హన్నమ్మ దగ్గరి నుంచి కార్డు. మందు సీసాలు ఎన్ని వచ్చాయో రాయమంది. కింద ఒక మూల “చెయ్యి కుదిరిందా?” అని ఉంది. అంతే. నా పేరు ముందు అక్క అని రాసింది. అది పాత అలవాటు కావచ్చు.

అక్టోబరు 14, గురువారం

అవ్వ అడిగినట్టే రాస్తాను.

చూసింది: సోమవారం నాలుగింటికి నేను వెంగయ్య ఇంట్లోకి పోతుంటే ఎదురింటి అరుగు మీద ఎస్తేరమ్మ కూర్చొని ఉంది. చెప్పు చేతిలో పట్టుకొని తెగిందేమోనని తిప్పి చూస్తోంది. వెంగయ్య తలుపు మూశాడు. మంగళవారం కూడా ఆమె అక్కడే ఉంది. బుధవారం కూడా.

ఈరోజు స్త్రీల సమాజం ముందుగా, మూడింటికే పెట్టారు. వెనక చాప మీద కూర్చున్నాను. ముగింపు ప్రార్థన ఎస్తేరమ్మ చేసింది. అనావృష్టి గురించి చేసింది, రోగుల గురించి చేసింది. ఒక్క క్షణం ఆగింది. ఏం రాబోతోందో నాకు తెలిసిపోయింది.

“ప్రభువా, మా సహోదరి రాహేలమ్మ ఒంటరిది. ఈ వయసులో శోధన ఆమె వాకిట్లో నిలబడి ఉండాది. మూసుకొనే తలుపుల నుంచి ఆమెను తప్పించు తండ్రీ.”

పదమూడు మంది ఆమేన్ అన్నారు. కళ్లు తెరిచి అందరూ నన్నే చూస్తున్నారు. “నాలుగింటికి ఆ ఇంట్లో నీకేం పని?” అని ఒక్కరు, ఒక్కరైనా అడుగుతారేమోనని చూశాను. అడగలేదు.

నేను కూడా ఆమేన్ అన్నాను. సూది డబ్బా కొంగు కింద పెట్టుకొని లేచాను. నాలుగు కావస్తోంది.